నీటి వాలు ముందు, ప్లాట్లు తరువాత: తిల్దా శివార్లలో దారుల రూపకల్పన

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, ముంబై–హౌరా ప్రధాన రైలుమార్గం మీద ఉన్న తిల్దా–నేవరా, ఛత్తీస్‌గఢ్ మైదానంలోని వరిపొలాల మధ్య బియ్యం మిల్లులతో పెరిగిన జంట పట్టణం. పక్క స్టేషనైన బైకుంఠ్‌లోనూ, కొంచెం ఎడంగా హిర్మీ, రావన్ ప్రాంతాల్లోనూ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. తెలుగువారి సంస్థ అయిన జీఎంఆర్ నిర్మించగా తరువాత అదానీ సంస్థ చేతికి వెళ్లిన 1,370 మెగావాట్ల రాయ్‌ఖేడా విద్యుత్ కేంద్రం కూడా ఈ తిల్దా పరిసరాల్లోనే ఉంది. రైల్వేవారి అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద ఛత్తీస్‌గఢ్‌లో ఎంపికైన స్టేషన్లలో తిల్దా–నేవరా ఒకటి. పరిశ్రమ, రైలు, జిల్లా కేంద్రపు చేరువ అనే మూడూ కలిసిన ఇలాంటి పట్టణాల అంచుల్లో పొలం ప్లాటుగా మారడం తప్పనిసరి అవుతుంది. ఆ మార్పు ఏ క్రమంలో జరుగుతుందన్న దాన్ని బట్టే, ముప్పై ఏళ్ల తరువాత అక్కడ నివసించేవారి ఇళ్లలోకి వాననీరు వస్తుందా రాదా, కుళాయి నీరు తాగడానికి పనికివస్తుందా లేదా అన్నది నిర్ణయమవుతుంది.

శివారు లేఅవుటు గీసేటప్పుడు శాస్త్రం చెప్పే క్రమం సూటిగానే ఉంటుంది. మొదట నేల వాలు కొలిచి వాననీరు, మురుగునీరు ఏ దారిన దిగుతాయో గుర్తించాలి. ఆ దారుల వెంట పోయేలా వీధులను అమర్చి, ఒక్కొక్క వీధికి ఎంత వెడల్పు కావాలో తేల్చాలి. చివరగా మిగిలిన నేలను ప్లాట్లుగా విభజించాలి. వాడుకలో ఉన్న క్రమం దీనికి పూర్తిగా తలకిందులు. ముందు పొలాన్ని వీలైనన్ని ప్లాట్లుగా కోసి, అమ్మకానికి పనికిరాని సందులను దారులని పిలిచి, ఆ దారుల్లో మిగిలిన జాగాలో కాలువను, కాలువలో మిగిలిన జాగాలో గొట్టాలను ఇరికిస్తారు. వేసిన తారును పదిహేనేళ్లకు తిరిగి వేసుకోవచ్చు, గొట్టాన్ని యాభై ఏళ్లకు మార్చుకోవచ్చు, కానీ రెండు వైపులా ఇళ్లు లేచిన తరువాత వీధి హద్దును ఒక మీటరు జరపడం దాదాపు అసాధ్యం. అందువల్ల లేఅవుటులో తీసుకునే నిర్ణయాలన్నింటిలోకీ వీధి వెడల్పు, వీధి మట్టం అనే రెండే తిరుగులేనివి. తక్కినవన్నీ వీటి మీద ఆధారపడేవే.

తిల్దా పరిసరాల నేల స్వభావం ఈ రెండు నిర్ణయాలనూ కష్టతరం చేస్తుంది. ఛత్తీస్‌గఢ్ మైదానం అడుగున కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి పొరలు పరచుకుని ఉన్నాయి. సిమెంటు పరిశ్రమ ఇక్కడికి రావడానికి కారణం అదే. ఆ రాతి మీద నేల నాలుగు రకాలుగా ఉంటుందని స్థానిక రైతులు చెబుతారు. ఎత్తు మిట్టల మీద కంకర కలిసిన ఎర్రనేల భాటా. దాని దిగువన పసుపుపచ్చని మట్టి మటాసీ. ఇంకా కిందికి దిగితే మటాసీకీ పల్లపు నల్లమట్టికీ కలయికైన డోర్సా. పల్లపు నేలల్లో చిక్కని నల్లమట్టి కన్హార్. ఈ వరుస పంటలకే గాక ఇంజనీరుకు కూడా ఉపయోగపడే పటం, ఎందుకంటే ఏది మిట్టో ఏది పల్లమో, నీరు ఎక్కడ ఇంకుతుందో ఎక్కడ నిలుస్తుందో మట్టి పేరులోనే తెలిసిపోతుంది. కన్హార్ నేల వానలకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని బీటలు వారుతుంది కాబట్టి, దాని మీద నేరుగా వేసిన రోడ్డు రెండు మూడు ఋతువుల్లోనే అలలు తేలుతుంది, అందులో పాతిన గొట్టాల అతుకులు కదులుతాయి. ఆ మట్టిని కొంత లోతు వరకు తీసివేసి భాటా మిట్టల నుంచి తెచ్చిన మొరంతో నింపడమో, సున్నం కలిపి దాని ఉబ్బు గుణాన్ని తగ్గించడమో చేయక తప్పదు.

ఇక నీటి సంగతి. రాయ్‌పూర్ ప్రాంతంలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన కురుస్తుంది. అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. వరిపొలం నేలను ఊరికే సాగుభూమిగా చూస్తే దాని అసలు పని కంటికి కనబడదు. గట్లు కట్టిన ప్రతి మడీ ఒక చిన్న జలాశయం. గట్టు 15 సెంటీమీటర్ల నీటిని ఆపగలదనుకుంటే, ఒక హెక్టారు మడిలో 1,500 ఘనమీటర్లు, నూరు హెక్టార్లలో లక్షన్నర ఘనమీటర్ల నీరు నిలుస్తుంది. గంటకు 50 మిల్లీమీటర్ల తీవ్రతతో గట్టి వాన ఒక గంటసేపు ఆ నూరు హెక్టార్ల మీద కురిస్తే పడే నీరు మొత్తం 50,000 ఘనమీటర్లే. అంటే మడులు ఖాళీగా ఉన్న రోజున అటువంటి మూడు వానలను పొలాలే మింగగలవు. అదే నేలను గట్లు తీసి, చదునుచేసి, ఇళ్లూ రోడ్లూ కట్టినప్పుడు పడిన నీటిలో పదింట ఏడు వంతులు వెంటనే పారుతుంది. ఇలా పడిన వానలో పారే భాగాన్ని ప్రవాహ గుణకం అంటారు. ఆ గుణకాన్ని వాన తీవ్రతతోనూ విస్తీర్ణంతోనూ గుణిస్తే కాలువలోకి వచ్చే గరిష్ఠ ప్రవాహం వస్తుంది. నూరు హెక్టార్లకు, 50 మిల్లీమీటర్ల వానకు, 0.7 గుణకానికి ఈ లెక్క సెకనుకు 9.7 ఘనమీటర్లని తేలుతుంది. సెకనుకు ఒకటిన్నర మీటరు వేగంతో నీరు పారే మూడు మీటర్ల వెడల్పు కాలువలో ఇంత నీరు రెండు మీటర్లకు పైగా ఎత్తున నిండుతుంది. నిన్నటి దాకా గట్టు మీద అడుగు వెడల్పు గండి పెడితే సరిపోయిన చోట ఇంత కాలువ అవసరమవుతుందన్న మాట.

ఈ లెక్కను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడూ, తిరిగి 2020 అక్టోబరులోనూ మునిగిన కాలనీల్లో చాలా భాగం గొలుసుకట్టు చెరువుల ఆయకట్టులో, అలుగు కింది వాగుల్లో, శిఖం భూముల్లో ప్లాట్లు వేసినవే. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో కూడా చెరువు లేని ఊరు అరుదు; ఒకే ఊరికి రెండు మూడు చెరువులు ఉండటం, ఒకదాని పొర్లు నీరు మరొకదానిలోకి దిగడం ఇక్కడా మామూలే. శివారు లేఅవుటులో చెరువును అందాల ఉద్యానంగా గోడకట్టి వదిలేయడం వల్ల వాననీటిని ఆపే పని నెరవేరదు. పై ఉదాహరణలో ఒక గంట వానకు పారే 35,000 ఘనమీటర్లలో సగాన్ని ఆపాలంటే ఒక హెక్టారు చెరువులో ఒకటిముప్పావు మీటరు ఎత్తు మేర, వాన మొదలయ్యే సమయానికి ఖాళీగా ఉండాలి. దానికి తగినట్టు తూము మట్టాన్నీ, అలుగు మట్టాన్నీ రోడ్ల మట్టం కంటే ముందే నిర్ణయించాలి. అలుగు నుంచి కింది వాగు దాకా పోయే పొర్లు కాలువ రెవెన్యూ పటంలో సన్నని గీతగానే ఉండవచ్చు గానీ, లేఅవుటులో అది అన్నింటికంటే వెడల్పైన జాగాను కోరుతుంది. ఆ జాగాను వీధిగా మలిచి, మధ్యలో కాలువ, ఇరుపక్కలా దారి వచ్చేలా గీసిన చోట్ల కాలువ కబ్జాకు గురికావడం తక్కువ, ఎందుకంటే రెండు వైపులా జనం కళ్లు దాని మీదే ఉంటాయి.

వాననీటి కాలువ పైకి కనిపిస్తుంది కాబట్టి దాని లోపం త్వరగా బయటపడుతుంది. మురుగు గొట్టం నేలలో దాగి ఉంటుంది, పైగా దానిది మరింత మొండి నియమం: మురుగు వాలు మీదనే నడవాలి. నీటి సరఫరా గొట్టంలో ఒత్తిడి ఉంటుంది గనుక అది ఎత్తుపల్లాలు దాటగలదు. విద్యుత్ తీగకు ఎత్తుపల్లాల పట్టింపే లేదు. మురుగు గొట్టం మాత్రం ప్రతి మీటరుకూ కొన్ని మిల్లీమీటర్లు దిగుతూ పోవలసిందే. ఆ దిగుడు ఎంత ఉండాలన్నది వేగం నిర్ణయిస్తుంది. మలపదార్థాలూ ఇసుకా గొట్టం అడుగున పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే, రోజులో ఎక్కువ వాడకం ఉండే వేళ ప్రవాహం కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగం అందుకోవాలని కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగు మాన్యువల్ చెబుతుంది. దీన్ని స్వయంశుద్ధి వేగం అంటారు.

పదివేల మంది నివసించబోయే ఒక శివారు కాలనీని తీసుకుంటే ఈ నియమం ఎంత బిగువైనదో అర్థమవుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాలకు వాడే ప్రమాణం. అందులో ఎనభై శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్కిస్తారు. ఆ లెక్కన రోజుకు 10.8 లక్షల లీటర్లు, సగటున సెకనుకు 12.5 లీటర్లు, ఉదయపు రద్దీ వేళ దీనికి మూడు రెట్లు, అంటే సెకనుకు 37.5 లీటర్లు. 300 మిల్లీమీటర్ల వ్యాసంగల గొట్టాన్ని ప్రతి 250 మీటర్లకు ఒక మీటరు దిగేలా వేస్తే నిండుగా పారినప్పుడు సెకనుకు 60 లీటర్ల దాకా మోస్తుంది, ఇంజనీరు సంతృప్తిపడవచ్చు. అయితే మొదటి అయిదారేళ్లలో ఆ కాలనీకి వెయ్యి మందే వస్తే రద్దీ వేళ ప్రవాహం నాలుగు లీటర్లకు లోపే, వేగం సెకనుకు అర మీటరు కూడా అందదు, మడ్డి పేరుకుంటుంది, గొట్టం జనం నిండకముందే పూడుతుంది. పెద్ద గొట్టం వేస్తే భద్రమనే సామాన్య నమ్మకం ఇక్కడ తప్పు. పలుచగా పారే నీటికి పెద్ద గొట్టం ఇంకా నెమ్మదిని నేర్పుతుంది. అందుకే కాలనీని ఒక్కసారిగా అన్ని మూలలా తెరవకుండా, మురుగు చేరే పల్లపు చివర నుంచి పైకి, ఒక్కొక్క గొట్టపు పరివాహాన్ని నింపుకుంటూ ప్లాట్లు విడుదల చేయడం మేలు. అమ్మకం క్రమాన్ని గొట్టం శాసించాలన్నది వినడానికి వింతగా ఉంటుంది గానీ, దీనికి కారణం నేల వాలులోనే ఉంది.

పైన చెప్పిన దిగుడు ఒక కిలోమీటరు సాగితే నాలుగు మీటర్లవుతుంది. సహజంగా వాలు ఉన్న చోట నేల కూడా గొట్టంతోపాటు దిగుతుంది. చదును మైదానంలో నేల కదలదు, గొట్టం మాత్రం లోతుకు పోతూనే ఉంటుంది. తిల్దా పరిసరాల వంటి చోట్ల ఆ లోతులో సున్నపురాయి ఎదురయ్యే అవకాశం ఉంది, మట్టి తవ్వకానికీ రాతి తొలుపుకూ ఖర్చులో పోలికే లేదు. ఇదొక్కటే కాదు, సున్నపురాతిలో నీరు కరిగించిన పగుళ్లు, సొరంగాల వంటి దారులు ఉంటాయి. ఇసుక నేల మురుగును వడగట్టినట్టు ఈ పగుళ్లు వడగట్టవు గనుక, కారే ఒక అతుకు నుంచి జారిన మురుగు ఎంతో దూరంలోని బోరుబావిని చేరగలదు. ప్రతి ఇంటికీ ఒక గుంత, దాని పక్కనే ఒక బోరు అనే పద్ధతి ఇటువంటి రాతి నేలల మీద అన్నిటికంటే ప్రమాదకరమైనది. కాలనీని ఒకే పొడవాటి గొట్టంతో కలపకుండా రెండు మూడు చిన్న పరివాహాలుగా విడగొట్టి, ఒక్కొక్కదాని పల్లపు చివర చిన్న శుద్ధి కేంద్రమో పంపు బావో పెట్టుకుంటే లోతు తగ్గుతుంది. అయితే దానికి పల్లపు చివరనే స్థలం మిగిల్చి ఉండాలి, ఆ పల్లపు ప్లాటును ఎవరికీ అమ్మకుండా ఉండాలి.

మంచినీటి గొట్టానికి వాలు అక్కరలేదు గానీ మురుగు నుంచి దూరం కావాలి. రెండింటి మధ్య అడ్డంగా మూడు మీటర్ల ఎడం ఉండాలనీ, అంత జాగా లేని చోట మంచినీటి గొట్టం అడుగు మురుగు గొట్టం పైభాగం కంటే కనీసం అర మీటరు ఎత్తున ఉండాలనీ మాన్యువల్ నియమం. రోజుకు గంటా రెండు గంటలు నీరు వదిలే ఊళ్లలో ఈ ఎడం ప్రాణరక్షణతో సమానం. నీరు ఆగిపోయాక గొట్టంలో ఒత్తిడి పడిపోయి, ఎవరైనా మోటారు బిగించి లాగితే లోపల గాలి కంటే తక్కువ ఒత్తిడి ఏర్పడుతుంది. అప్పుడు పగిలిన అతుకు నుంచి నీరు బయటికి కారడం మాని, చుట్టూ ఉన్న తడి లోపలికి పీల్చబడుతుంది. ఆ తడి మురుగుదైతే, మర్నాడు కుళాయి తిప్పగానే వచ్చే మొదటి బిందె నీరే రోగం తెస్తుంది. చదును నేల కాబట్టి ఎత్తు ట్యాంకు తప్పదు. రెండంతస్తుల ఇంటికి కుళాయి వద్ద 12 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి మిగలాలి, గొట్టాల్లో రాపిడికి పోయే కొన్ని మీటర్లు దానికి అదనం. ట్యాంకును కాలనీ ఒక కొసన కట్టడం కంటే నడిమధ్య కడితే అత్యంత దూరపు ఇల్లు సగం దూరంలోకి వస్తుంది, గొట్టాల వ్యాసమూ తగ్గుతుంది; ఆ మధ్య స్థలమే మంచి ధర పలికేదీ కావడం వల్ల ట్యాంకు సాధారణంగా కొసకు నెట్టబడుతుంది.

ఇన్ని గొట్టాలూ చేరవలసింది వీధిలోకే కనుక వీధి అడ్డకోతను దగ్గరగా చూడటం అవసరం. 18 మీటర్ల వీధిని తీసుకుంటే, నడుమ ఒక్కొక్కటి మూడున్నర మీటర్ల చొప్పున రెండు వరుసల తారు దారి ఏడు మీటర్లు. దాని ఇరువైపులా బండ్లు ఆపుకోవడానికి రెండేసి మీటర్లు. ఆ తరువాత చెట్లకూ దీపస్తంభాలకూ ఒకటిన్నరేసి మీటర్లు. హద్దు పక్కన నడకదారి రెండేసి మీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలను అనుసరించి నడకదారి కింద 0.6 నుంచి ఒక మీటరు లోతులో ఒక పక్క మంచినీటి గొట్టం, రెండో పక్క ఇళ్లకు పోయే విద్యుత్ కేబులు, టెలిఫోన్ తీగలు ఉంటాయి. అధిక వోల్టేజీ కేబులు ఒకటిన్నర మీటర్లకు దిగువన. మురుగు గొట్టం అన్నింటికంటే లోతున, రెండు మీటర్లకు కింద. ఇప్పుడు ఇదే సామగ్రిని ఆరు మీటర్ల సందులో ఊహిస్తే, మంచినీటికీ మురుగుకూ మధ్య ఉండవలసిన మూడు మీటర్లే సగం వీధిని ఆక్రమిస్తాయి. వాన కాలువ, కేబుల్ గోతి, స్తంభాల పునాదులు చేరాక చెట్టుకు వేరూనే చోటు కూడా ఉండదు. పాత నేవరా బజారు వంటి, ఎప్పుడో ఏర్పడిన ఇరుకు వీధుల్లో ఈ సర్దుబాటు తప్పనిసరి. అక్కడ భారీ వాహనాలు రావు గనుక మురుగు గొట్టాలను తక్కువ లోతులో, ఇళ్ల పెరటి వైపు నుంచి వేసే పద్ధతులు పనికివస్తాయి. కొత్తగా పొలంలో గీసే వీధికి ఆ ఇరుకును కోరి తెచ్చుకోవలసిన అగత్యం లేదు.

వీధి మట్టం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. తారు పొర అరిగిన ప్రతిసారీ పాతదాన్ని గీకకుండా దాని మీదే నాలుగు సెంటీమీటర్ల కొత్త పొర వేస్తూ పోతే, నాలుగు మార్లకు వీధి 16 సెంటీమీటర్లు పెరుగుతుంది, ఇంటి గడప పెరగదు. వాననీరు కాలువ వైపు కాక గడప వైపు మళ్లుతుంది. తెలుగునాట ఏ పాత కాలనీకి వెళ్లినా రోడ్డు కంటే పల్లంలోకి దిగిపోయిన వాకిళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్లు కుంగలేదు, రోడ్డే లేచింది. కాలనీ పటంలోనే ప్రతి కూడలికీ శాశ్వత మట్టం రాసిపెట్టి, మరమ్మతు వేళ పాత పొర గీకిన తరువాతనే కొత్తది వేయాలన్న షరతు పెట్టడం ఒక్కటే దీనికి విరుగుడు.

బియ్యం మిల్లులూ సిమెంటూ ఉన్న ఊరిలో వీధుల తరగతులను విడదీయడం మరొక ముఖ్యమైన పని. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రయోగపు రోడ్ల మీద లారీలను లక్షల సార్లు నడిపి చేసిన పరీక్షల్లో, ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు కలిగే నష్టం సుమారుగా ఆ బరువు నాలుగో ఘాతానికి అనులోమంగా పెరుగుతుందని తేలింది. దాదాపు 8.16 టన్నుల ఇరుసును ప్రమాణంగా తీసుకుంటే, మన దేశంలో 2018 తరువాత అనుమతించిన 11.5 టన్నుల ఇరుసు దానికి నాలుగు రెట్ల నష్టం చేస్తుంది. ఆరు వందల కిలోల కారు ఇరుసు చేసే నష్టం ప్రమాణ ఇరుసులో ముప్పై వేల వంతు కంటే తక్కువ. ధాన్యం బస్తాల లారీ ఒకటి కాలనీ వీధిలోంచి అడ్డదారి పట్టడమంటే, వేలాది కార్లు పోవడంకంటే ఆ వీధికి ఎక్కువ చేటు. అందువల్ల మిల్లులను, గోదాములను రైల్వే సరుకుల యార్డుతోనూ పెద్ద రోడ్డుతోనూ కలిపే దారిని విడిగా, మందంగా, విశాలమైన మలుపులతో వేసి, నివాస వీధులు దానికి ఎక్కడికక్కడ తెరుచుకోకుండా కొన్ని కూడళ్ల దగ్గరే కలిసేలా గీయాలి. నివాస వీధులు ఒకదాన్నొకటి కలుపుకుంటూ నడిచేవారికి దగ్గరి దారులివ్వాలి గానీ, లారీకి ఈ కొస నుంచి ఆ కొసకు సూటి మార్గం ఇవ్వకూడదు.

విద్యుత్తు విషయంలో దృష్టి పడవలసిన చోటు చిన్నది. పొరుగునే 1,370 మెగావాట్ల కేంద్రం ఉన్నా, వీధి చివరి ఇంట్లో ఫ్యాను తిరిగే వేగాన్ని నిర్ణయించేది దగ్గరలోని ట్రాన్స్‌ఫార్మరే. తీగలో వృథా అయ్యే శక్తి అందులో ప్రవహించే కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. 11,000 వోల్టుల తీగ ఇళ్ల చేరువ దాకా వచ్చి, అక్కడ 400 వోల్టుల స్థాయికి దిగి, ఆ తక్కువ వోల్టేజీ తీగ పొడవు కొద్ది వందల మీటర్లకు మించకపోతేనే నష్టమూ తగ్గుతుంది, వోల్టేజీ నిలుస్తుంది. దీనికి ప్రతి రెండు మూడు వీధులకూ కొద్ది చదరపు మీటర్ల స్థలం కావాలి. లేఅవుటులో ఆ స్థలం చూపకపోతే ట్రాన్స్‌ఫార్మరు నడకదారి మీదికో, బడి గోడ పక్కకో చేరుతుంది.

ఇక రైలుమార్గం. పట్టణాన్ని చీల్చుకుపోయే రద్దీ రైలుమార్గం నీటికీ, మురుగుకూ, మనుషులకూ సమానంగా అడ్డుకట్ట. కట్ట కింది కల్వర్టులు ఎప్పుడో పొలాల ప్రవాహానికి లెక్కగట్టి కట్టినవి; ఎగువ పొలాలు కాలనీలైతే అదే కల్వర్టు మీదికి ఎన్నో రెట్ల నీరు వస్తుంది, కట్ట వెంబడి నిలుస్తుంది. రైలు కింద కొత్త గొట్టం దాటించాలంటే పట్టాలను తొలగించకుండా పక్క నుంచి ఉక్కు తొడుగు గొట్టాన్ని నెట్టి, దాని లోపల నుంచి అసలు గొట్టాన్ని పంపుతారు. దానికి రైల్వే అనుమతి, పర్యవేక్షణ, రుసుము అన్నీ కావాలి. కాబట్టి శివారు ప్రణాళిక ప్రారంభంలోనే ఒకే చోట, మంచినీరు, మురుగు, కేబుల్ అన్నీ దాటే ఉమ్మడి తొడుగులను, కొన్ని ఖాళీ తొడుగులతో సహా, ఒకేసారి వేయించుకోవడం లాభదాయకం. లెవెల్ క్రాసింగ్ స్థానంలో కట్టే కిందివంతెన చుట్టుపక్కల నేలకంటే పల్లంలో ఉంటుంది గనుక, పంపు లేకుండా తనంతట తాను నీరు దిగిపోయే దారి చూపగలిగిన చోటనే దాన్ని కట్టాలి. లేకుంటే వానాకాలంలో ఆ వంతెన రెండు పేటలను విడదీసే మడుగుగా మారుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక ఊహ మీద నిలిచి ఉంది: వీధికీ, కాలువకీ, చెరువుకీ, ట్యాంకుకీ కావలసిన నేల దొరుకుతుందని. వేర్వేరు రైతుల చేతుల్లో, వంకరటింకర కమతాలుగా ఉన్న పొలాల్లో సూటి వీధి ఎవరిదో ఒకరి పొలాన్ని పూర్తిగా మింగుతుంది, పక్కవాడి పొలానికి విలువ తెచ్చిపెడుతుంది. ఈ అన్యాయాన్ని సర్దడానికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర మేయరు ఫ్రాంజ్ ఆడికెస్ ప్రయత్నంతో 1902లో వచ్చిన చట్టం, అందరి కమతాలనూ ఒకటిగా కలిపి, దారులకు కావలసినంత తీసివేసి, మిగిలినదాన్ని అందరికీ వారి వాటా చొప్పున తిరిగి పంచే పద్ధతిని స్థిరపరిచింది. మన దేశంలో 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళికా చట్టం ఇదే తోవ తొక్కింది. గుజరాత్ నగరాల శివార్లు చాలావరకు ఈ విధానంతోనే పెరిగాయి. తెలుగువారికి దీని అతిపెద్ద రూపం అమరావతి. 2015లో రాజధాని ప్రాంత గ్రామాల రైతులు ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా సమీకరణకు ఇవ్వగా, ఎకరం మెట్ట భూమికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలు అభివృద్ధి చేసి తిరిగి ఇస్తామన్నది ఒప్పందం. అక్కడ కూడా మొదట తేల్చవలసి వచ్చింది కొండవీటి వాగు వరదనీరు ఎటు పోవాలన్నదే. సమీకరణకు ఇవ్వని కొన్ని కమతాల దగ్గర ప్రధాన రహదారి ఏళ్ల తరబడి ఆగిపోవడం మరో పాఠం చెబుతుంది: మురుగు గొట్టమైనా రహదారైనా నడుమ ఒక్క ముక్క లేకపోతే మిగతా పొడవంతా నిరుపయోగమే.

తిల్దాకు ఇంకా దగ్గరి ఉదాహరణ రాయ్‌పూర్ దక్షిణ శివారులోని కమల్ విహార్. డూండా, బోరియాఖుర్ద్, దేవ్‌పురి తదితర గ్రామాల్లో దాదాపు 1,600 ఎకరాల మీద రాయ్‌పూర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చేపట్టిన ఈ పట్టణాభివృద్ధి పథకంలో, భూమి యజమానికి అతని నేలలో 35 శాతం మేర అభివృద్ధి చేసిన ప్లాటు తిరిగి ఇవ్వాలన్నది పద్ధతి. మధ్యప్రదేశ్ కాలం నాటి 1973 నగర గ్రామ నివేశ చట్టం కింద వచ్చిన ఆ పథకాన్ని కొందరు యజమానులు సవాలు చేయగా, 2015లో సుప్రీంకోర్టు జోనల్ ప్లాన్ లేకుండా ఇటువంటి పథకం చెల్లదంటూ వారి పక్షాన తీర్పు చెప్పింది. మాస్టర్ ప్లాన్ ఊరి మొత్తానికి దిశ చూపుతుంది. జోనల్ ప్లాన్ ఒక్కొక్క భాగంలో వీధుల, కాలువల, బహిరంగ స్థలాల హద్దులను తేలుస్తుంది. లేఅవుటు ఆ తరువాతిది. నడిమి మెట్టును దాటేస్తే ఒక కాలనీ కాలువ పక్క కాలనీ కాలువతో ఏ మట్టంలో కలవాలో చెప్పే పత్రమే ఉండదు. కోర్టు ఎత్తిచూపిన న్యాయపరమైన లోటు ఇంజనీరు దృష్టిలో వాలు లోటు కూడా. నేల పోగొట్టుకునే రైతుకు ఈ పటాన్ని ముందుగా చూపి, అతని అభ్యంతరం విని, అవసరమైతే గీత మార్చే పని గొట్టం వేసే పనికంటే ముందు జరగాలి. దీనికి పట్టే రెండు మూడేళ్లు వృథా అనుకునేవారు, కోర్టుల్లో గడిచే ఏళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు.

పనులు పూర్తయ్యాక మిగిలేది పటం ఒక్కటే. గొట్టం నిజంగా ఎక్కడ, ఎంత లోతులో పడిందో గోతి పూడ్చకముందు కొలిచి నమోదు చేస్తేనే తెలుస్తుంది. రాయి అడ్డొచ్చి అరమీటరు పక్కకు జరిపిన సంగతి కాగితం మీది పాత నమూనాలో ఉండదు. ఒక సంస్థ తవ్వకంలో మరో సంస్థ కేబులు తెగడం దేశమంతటా సాధారణమైపోవడంతో, 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం తవ్వేవారు ముందుగా స్థలాన్ని నమోదు చేస్తే అక్కడ భూగర్భ ఆస్తులున్న సంస్థలకు సమాచారం చేరే మొబైల్ యాప్‌ను ప్రారంభించింది. ఆ సమాచారం అందుకున్న పురపాలక సంఘం దగ్గర బదులివ్వడానికి పటం ఉండాలి. తిల్దా–నేవరా వంటి, 2011 లెక్కల్లో ముప్పై వేల పైచిలుకు జనాభా ఉన్న పట్టణానికి ఇది భారమైన పని కాదు: ప్రతి మ్యాన్‌హోలు మూత మట్టం, దాని లోపల గొట్టం అడుగు మట్టం, ప్రతి వాల్వు స్థానం, ప్రతి తొడుగు గొట్టపు రెండు కొసలు కొలిచి రాసుకుంటే సరిపోతుంది. గుత్తేదారు చివరి బిల్లు చెల్లింపును ఆ కొలతల పుస్తకం అప్పగింతతో ముడిపెడితే, గోతులు తెరిచి ఉన్నప్పుడే ఆ కొలతలు నమోదవుతాయి.